పాత లారీలో గేరుపెట్టె మ్రోత: కారణములు, పరీక్షలు, మరమ్మతు

ఉద్దానపు కొబ్బరి, పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైటు, నౌపడ ఉప్పు: ఈ నాలుగును శ్రీకాకుళము జిల్లా ఉత్తర భాగమునకు పేరు తెచ్చిన సరకులు. వీనిలో ఏదియు పుట్టినచోటనే అమ్ముడుపోవునది కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటలలో దింపిన కాయ ఇసుకబాట దాటి ఊరి రోడ్డునకు, అచ్చటినుండి జాతీయ రహదారికి చేరవలెను. 2010వ సంవత్సరము వరకు 5వ నంబరుగా నుండి, ఇప్పుడు 16వ నంబరుగా పిలువబడు ఆ రహదారియే ఈ ప్రాంతమునకు ఒక వంక విశాఖపట్టణమును, మరియొక వంక ఇచ్ఛాపురము మీదుగా బరంపురమును దగ్గర చేయుచున్నది.

ఈ సరకులను మోయు బండ్లన్నియు క్రొత్తవి కావు. క్రొత్త లారీ కొనగల శక్తి అందరకును లేదు. ఒకే పాత లారీని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఈ ప్రాంతమున ఎన్నియో కలవు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. కాయ లేనిచో కిరాయి లేదు. అట్టి కాలమున లారీ షెడ్డులో నిలిచిపోయినచో యజమానికి అది రెండవ దెబ్బ. కావున తన బండి చేయు చప్పుడును తాను అర్థము చేసికొనుట లారీవానికి కేవలము ముచ్చట కాదు, బ్రతుకుతెరువునకు సంబంధించిన విద్య.

గేరుపెట్టె మ్రోగుచున్నదనగానే సాధారణముగా రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. కొందరు “పాత బండి గదా, మ్రోగక మానునా” యని ఊరకుందురు. చివరకు ఒకనాడు నిండు లోడుతో నడిరోడ్డుపై బేరింగు విరిగి, పండ్లు రాలి, మొత్తము పెట్టెయే పనికిరాకుండ పోవును. మరికొందరు వెంటనే పెట్టె దింపించి, లోపలి సామానంతయు మార్పించి, తీరా చూడగా మ్రోత క్లచ్చి బేరింగుదని తెలిసికొందురు. ఈ రెండు నష్టములను తప్పించుకొనుటకు పానా పట్టుటకు ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. వానికి డబ్బు ఖర్చు లేదు. చెవి, ఓపిక, కొంచెము ఆలోచన చాలును.

గేరుపెట్టె లోపల ఏమి జరుగును?

చిన్న పండ్ల చక్రము పెద్ద పండ్ల చక్రమును త్రిప్పినచో వేగము తగ్గును, బలము హెచ్చును. పెద్దది చిన్నదానిని త్రిప్పినచో వేగము హెచ్చును, బలము తగ్గును. గేరుపెట్టె రహస్యమంతయు ఇంతే. నిండు లోడుతో ఇసుకలోనుండి కదలుటకు బలము కావలెను. రహదారిపై సాగుటకు వేగము కావలెను. ఒకే ఇంజను ఈ రెండు పనులను చేయుటకు చక్రముల జతలను మార్చుచుండవలెను.

పాత లారీల పెట్టెలో ముఖ్యముగా మూడు షాఫ్టులుండును. క్లచ్చి పలక నుండి బలమును లోపలికి తెచ్చునది ఇన్‌పుట్ షాఫ్టు. దానితో ఎల్లప్పుడును పండ్లు కలిసి క్రింద తిరుగునది కౌంటరు షాఫ్టు. బలమును వెనుకకు ప్రొపెల్లరు షాఫ్టునకు అందించునది మెయిన్ షాఫ్టు. మెయిన్ షాఫ్టు ముందు కొన ఇన్‌పుట్ షాఫ్టు వెనుక భాగమునగల గుంటలో చిన్న రోలర్లపై ఆని యుండును. డైరెక్టు టాప్ గేరు వేసినపుడు ఇన్‌పుట్, మెయిన్ షాఫ్టులు రెండును ఒకటిగా బంధింపబడి తిరుగును. అప్పుడు కౌంటరు షాఫ్టు తిరుగుచునే యుండును గాని దానిపై బరువు పడదు. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నచో సగము పరీక్ష నేర్చినట్లే.

గేరులు సులభముగా పడుటకై ఇత్తడి ఉంగరములతో కూడిన సింక్రోమెష్ ఏర్పాటును 1928లో అమెరికాలోని కాడిలాక్ కారులలో మొదట ప్రవేశపెట్టిరి. తరువాత అది లారీలకును వచ్చినది. మన దేశమున టాటా సంస్థ 1954 నుండి జర్మనీలోని డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీలు తయారు చేసెను. మదరాసులో అశోక్ లేలాండ్ 1955లో ఆ పేరు పొందినది. 1986లో టాటా 407 వచ్చినది. ఆయా బండ్ల పెట్టెలలో భేదములున్నను, మ్రోతను కనిపెట్టు తర్కము అన్నింటికి ఒక్కటే.

మొదట చూడవలసినది నూనె

లారీని సమతలమైన నేలపై నిలిపి, చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టి, ఇంజను ఆపి, కొంతసేపు చల్లారనిండు. పెట్టె ప్రక్కనుండు నూనె పోయు ప్లగ్గును విప్పి చిటికెన వ్రేలు లోనికి పెట్టుడు. రంధ్రపు క్రింది అంచు వరకు నూనె తగులవలెను. తగులనిచో నూనె తక్కువ. తక్కువైన నూనె ఎటు పోయినదో కనిపెట్టక పైనుండి పోసి ఊరకుండుట మందు వేయక కట్టు కట్టుట వంటిది. వెనుకనుండు ఆయిల్ సీలు, ముందు బేరింగు మూత, అడుగు ప్లగ్గు, ప్యాకింగులు చూడవలెను. పెట్టె పైనుండు గాలి రంధ్రమును తప్పక చూడవలెను. ఉద్దానపు బాటలలో ఇసుక, దుమ్ము గ్రీజుతో కలిసి ఈ రంధ్రమును మూసివేయుట కలదు. అది మూసికొన్నచో పెట్టె వేడెక్కినపుడు లోపలి గాలి బయటికి పోలేక నూనెను సీలు గుండ నెట్టివేయును. అప్పుడు ఎన్ని క్రొత్త సీళ్ళు వేసినను కారుట ఆగదు.

నూనె పాలవలె తెల్లబారినచో అందు నీరు చేరినదన్నమాట. తిత్లీ వెంట వంశధార, మహేంద్రతనయలకు వరద వచ్చినట్లు మరల వచ్చినపుడు, మునిగిన బండిని గేరుపెట్టె, వెనుక హౌసింగు నూనెలు మార్చకుండ నడుపరాదు. నీరు కలిసిన నూనె బేరింగులకు తుప్పు పట్టించును. ఆ తుప్పు మచ్చలే కొన్ని నెలల తరువాత మ్రోతగా బయటపడును.

బండిని కొంత దూరము నడిపి, నూనె గోరువెచ్చగా నున్నపుడు అడుగు ప్లగ్గు విప్పి శుభ్రమైన పళ్ళెములోనికి దింపుడు. ప్లగ్గునకు అయస్కాంతమున్నచో దానికి అంటిన పదార్థమును వ్రేళ్ళ మధ్య రాచి చూడుడు. మెత్తని నల్లని ముద్ద కొంచెముండుట సహజమైన అరుగుదల. బంగారు వన్నె పలుకులు కనబడినచో ఇత్తడి ఉంగరములు అరుగుచున్నవి. మెరయు ఉక్కు పొరలు, సూదులవంటి ముక్కలు కనబడినచో బేరింగు చెడినది. పెద్ద ముక్క దొరికినచో పండు విరిగినది. ఆ బండిని ఇక లోడుతో నడుపరాదు.

నూనె జాతి విషయమున బండి తయారీదారు పుస్తకమే ప్రమాణము. “చిక్కని నూనె పోసిన మ్రోత తగ్గును” అను మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని అది రోగమును కప్పునే గాని మాన్పదు. పైగా మితిమీరి చిక్కనైన నూనె చలివేళ బేరింగులకు అందదు, గేరులును పడవు. ఇత్తడి ఉంగరములున్న పెట్టెకు జీఎల్-4 తరగతి నూనె వ్రాసియున్నచోట జీఎల్-5 పోయరాదు. వెనుక హౌసింగు కొరకు ఉద్దేశింపబడిన ఈ రెండవ తరగతిలో గంధకము, భాస్వరముతో కూడిన మందుల పాళ్ళు హెచ్చు. కొన్ని రకములు ఇత్తడిని తినివేయును.

బండి నిలిపి చేయు పరీక్షలు

చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజను నడుపుడు. ఇంజను నడుచుచుండగా ఎవరును బండి క్రిందికి దూరరాదు.

1. క్లచ్చి పెడలు వదలియున్నపుడు మ్రోత యుండి, పెడలు పూర్తిగా నొక్కగానే అణగినచో, దోషము పెట్టె లోపలనే కలదు. ఏలయన పెడలు నొక్కినపుడు ఇన్‌పుట్, కౌంటరు షాఫ్టులు ఆగిపోవును. ఇన్‌పుట్ బేరింగును, కౌంటరు షాఫ్టు బేరింగులను, ఆ రెండు షాఫ్టులను కలుపు చక్రములను శంకింపవలెను.

2. పెడలుపై కాలు మెల్లగా ఆనించినంతనే కీచుమని గాని గరగరమని గాని మ్రోత పుట్టినచో అది క్లచ్చి రిలీజు బేరింగు. దీనికి గేరుపెట్టె తెరువనక్కరలేదు. దానిని దింపి బేరింగు మార్చిన చాలును.

3. పెడలు పూర్తిగా నొక్కి, మొదటి గేరు వేసి, బండి కదలక నిలిచియున్నపుడు మాత్రమే మ్రోత వచ్చినచో ఫ్లైవీలు నడుమనుండు పైలట్ బేరింగును అనుమానింపవలెను. ఆ స్థితిలో ఫ్లైవీలు తిరుగుచుండ, ఇన్‌పుట్ షాఫ్టు నిలిచియుండును. కావున పని పడునది ఆ బేరింగునకే.

4. న్యూట్రల్‌లో గలగలమను చప్పుడు వచ్చి, ఇంజను వేగము కొంచెము హెచ్చింపగానే అది మాయమైనచో వెంటనే పెట్టె దింపకుడు. ఇంజను కుదుపును క్లచ్చి పలకలోని స్ప్రింగులు పీల్చుకొనలేనపుడు పండ్లు ఒకదానినొకటి తట్టుకొని ఇట్లు చప్పుడగును. నాజిళ్ళు సరిచేయించి ఇంజను సమముగా నడుచునట్లు చూడవలెను. పిమ్మట పలక స్ప్రింగులను చూడవలెను.

నడిపి చేయు పరీక్షలు

జనసంచారము లేని మంచి రోడ్డుపై, అనుభవజ్ఞుడైన డ్రైవరు నడుపుచుండగా మరియొకరు ప్రక్కన కూర్చుండి వినవలెను. ఏ గేరులో, ఏ వేగమున, ఎక్కుడులోనా దిగుడులోనా మ్రోత వచ్చినదో కాగితముపై వ్రాసికొనవలెను. వ్రాసిన కాగితము మెకానికునకు సగము పని తగ్గించును.

ఒకే గేరులో మ్రోత వచ్చి తక్కిన గేరులలో లేకున్నచో ఆ గేరు చక్రమునందు గాని, దాని బుష్షు లేక రోలర్లయందు గాని దోషము కలదు. క్రింది గేరులన్నింటను మ్రోగి, డైరెక్టు టాప్ గేరులో అణగినచో కౌంటరు షాఫ్టు బేరింగులు గాని, మెయిన్ షాఫ్టు ముందు కొన రోలర్లు గాని చెడినవి. అన్ని గేరులలోను, టాప్ గేరులోను, న్యూట్రల్‌లో నిలిచియున్నపుడును మ్రోగినచో ఇన్‌పుట్ బేరింగును మొదట చూడవలెను. నిలిచియున్నపుడు నిశ్శబ్దముగా నుండి, నడచునపుడు అన్ని గేరులలోను వేగమును బట్టి హెచ్చు మ్రోత మెయిన్ షాఫ్టు వెనుక బేరింగుదో, పెట్టె వెలుపలిదో కావచ్చును.

వెలుపలి మ్రోతను వేరు చేయుటకు సమతలమైన రోడ్డుపై ఒక మాదిరి వేగమున పెడలు నొక్కి, క్షణకాలము న్యూట్రల్ చేసి, ఇంజను వేగము తగ్గనిచ్చి వినవలెను. మ్రోత మారక సాగినచో సెంటరు బేరింగు, జాయింటు క్రాసులు, హౌసింగు, చక్రముల బేరింగులు చూడవలెను. బండి కదలునపుడు “టక్కు”మని ఒక్క దెబ్బ వినబడుట అరిగిన క్రాసు లక్షణము. ఆక్సిలేటరు నొక్కినపుడొక తీరుగ, వదలినపుడొక తీరుగ ఊళవేయుట హౌసింగులోని క్రౌను పినియను లక్షణము. మలుపులందు హెచ్చుతగ్గులగునది చక్రపు బేరింగు. దిగుడులో ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

మ్రోత తీరును కూడ వినవలెను. బేరింగు చెడినచో ఎడతెగని గర్జన. పండు విరిగినచో చుట్టునకొక దెబ్బ చొప్పున తాళము వేసినట్లుండును. రివర్సు గేరు సన్నగా ఊళవేయుట మాత్రము పలు బండ్లలో సహజము. దాని పండ్లు ఏటవాలుగా గాక నిలువుగా కోయబడి యుండుటయే దానికి కారణము.

గేరు వేయునపుడు కరకరలాడినచో

ఇంజను మెల్లగా నడుచుచుండగా పెడలు పూర్తిగా నొక్కి, పది లెక్కపెట్టి, రివర్సు వేయుడు. అప్పటికిని కరకరలాడినచో క్లచ్చి పూర్తిగా విడివడుటలేదు. పెడలు ఆటము, కడ్డీలు, నూనెతో పనిచేయు క్లచ్చియైనచో దాని సిలిండర్లు, గొట్టములోని గాలి చూడవలెను. రివర్సు మెత్తగా పడి, నడుచునపుడు ఒకటి రెండు గేరులలో మాత్రమే కరకరలాడినచో ఆ గేరుల ఇత్తడి ఉంగరములు అరిగినవి.

వేసిన గేరు తనంత తాను జారిపోవుట మ్రోతకన్న ప్రమాదకరము. షిఫ్టరు కడ్డీలను పట్టియుంచు గుండ్లు, స్ప్రింగులు, ఫోర్కులు, పండ్ల అంచులు, పెట్టెను పట్టియుంచు రబ్బరు మౌంటింగులు చూడవలెను. నిండు లోడుతో మందస కొండల వైపు దిగుడులో గేరు జారినచో ఇంజను ఇచ్చు అదుపు తప్పి, బరువంతయు బ్రేకులపై పడును. అట్టి బండిని బాగుచేయక లోడు ఎత్తరాదు.

ఒక ఉదాహరణ

కవిటి నుండి కాయలు మోయు ఒక లారీ ఉన్నదనుకొనుడు. మొదటి గేరు నుండి నాలుగవ గేరు వరకు గర్జించుచున్నది. డైరెక్టు టాప్‌లో చాల వరకు అణగుచున్నది. న్యూట్రల్‌లో సన్నని మ్రోత, పెడలు నొక్కగా లేదు. నూనె తక్కువ, ప్లగ్గునకు మెరయు ముక్కలు, వెనుక సీలు వద్ద తడి.

పెడలు నొక్కగా ఆగినది గనుక రిలీజు బేరింగు కాదు. టాప్‌లో అణగినది గనుక ఇన్‌పుట్ బేరింగుగాని, హౌసింగుగాని కాకపోవచ్చును. ఒకే గేరునకు పరిమితము కాదు గనుక ఒక చక్రపు దోషము కాదు. మిగిలినవి కౌంటరు షాఫ్టు బేరింగులు, మెయిన్ షాఫ్టు ముందు రోలర్లు. పెట్టె తెరచినపుడు రెంటిని చూడవచ్చును. కాని విచారణ ఇచ్చట ఆగరాదు. బేరింగు ఏల చెడినది? నూనె చాలక. నూనె ఏల తగ్గినది? సీలు కారి. సీలు ఏల కారినది? గాలి రంధ్రము ఇసుకతో మూసికొని. ఆ రంధ్రమును శుభ్రము చేయక బేరింగులు మాత్రము మార్చినచో మరల అదే ఖర్చు తప్పదు.

మరమ్మతునందు జాగ్రత్తలు

పెద్ద లారీ పెట్టె నూరు కిలోలకు మించిన బరువుండును. దానిని తాళ్ళతోను, మనుష్యుల రొమ్ములపైనను దింపుట ప్రాణాపాయము. సరియైన జాకీ, గట్టి స్టాండులు ఉండవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. పెట్టెను వెనుకకు లాగునపుడును, ఎక్కించునపుడును దాని బరువు క్లచ్చి పలకపై వ్రేలాడరాదు. వ్రేలాడినచో పలక వంగి క్రొత్త రోగము పుట్టును. ఎక్కించుటకు ముందు డమ్మీ షాఫ్టుతో పలకను నడిమికి సరిచూడవలెను.

లోపలి భాగములను విప్పిన వరుసలో శుభ్రమైన గుడ్డపై పేర్చవలెను. సిమ్ములు, వాషర్లు ఏవి ఎచ్చటివో గుర్తు పెట్టవలెను. సిమ్ము మందము, ప్యాకింగు మందము మారినచో షాఫ్టు ఆటము మారి బేరింగు బిగిసిపోవును లేక వదులగును. షాఫ్టుపై ఎక్కించు బేరింగును లోపలి వలయమును ఒత్తి ఎక్కింపవలెను గాని వెలుపలి వలయముపై సుత్తితో కొట్టరాదు. కొట్టినచో గుండ్లకు పడిన గుంటలు మొదటి దినమునుండియే మ్రోగును. మూసియున్న రిలీజు బేరింగును కిరసనాయిలులో ముంచరాదు. లోపలి గ్రీజు కడిగివేయబడును. పెట్టె దింపినపుడే రిలీజు బేరింగు, పైలట్ బేరింగు, సీళ్ళు మార్చుట పొదుపు. వానికొరకే రెండవసారి దింపుట దండుగ. ఒక చక్రము మార్చినచో దానితో కలిసి తిరుగు జత చక్రమును కూడ మార్చుట మంచిది. పెట్టె లోపల ముక్కలేవియు మిగులకుండ కడిగి, ఎక్కించి, క్రొత్త నూనె పోసి, మొదట ఖాళీగా నడపి చూడవలెను. మొదటి వేయి కిలోమీటర్ల పిమ్మట నూనె మరల మార్చుట మేలు.

చేయరాని పనులు

ఆగిపోయిన లారీని వెనుక చక్రములు నేలపై దొరలునట్లు దూరము లాగించినచో మెయిన్ షాఫ్టు తిరుగును. ఇంజను నడువదు గనుక కౌంటరు షాఫ్టు తిరుగక పైకి నూనె చిమ్మదు. పొడిగా తిరిగిన బేరింగులు కాలిపోవును. కావున లాగించుటకు ముందు ప్రొపెల్లరు షాఫ్టును విప్పవలెను. డీజిలు మిగులునని దిగుడులో న్యూట్రల్ చేయుట, ఇంజను ఆపుట బొత్తిగా కూడదు. గేరుకర్రపై ఎల్లప్పుడు చేయి, క్లచ్చి పెడలుపై ఎల్లప్పుడు కాలు ఉంచు అలవాటు ఫోర్కులను, రిలీజు బేరింగును అరగదీయును.

పాత లారీ కొనువారికొక హెచ్చరిక. మ్రోతను తాత్కాలికముగా అణచుటకు పెట్టెలో రంపపుపొట్టు కలుపుట లోకమున పేరుపడిన పాత మోసము. బేరము కుదుర్చుకొనుటకు ముందు నూనె కొంచెము దింపి వ్రేళ్ళతో రాచి చూచుటకు సంకోచింపనక్కరలేదు.

చెడిన భాగము విరుగుటకు ముందు చాల దినములు మ్రోగుచునే యుండును. వారమునకొకసారి కారుడు మచ్చలను చూచి, నెలకొకసారి నూనె మట్టమును, గాలి రంధ్రమును పరీక్షించి, వర్షాకాలము ముగియగానే నూనె రంగు చూచు లారీవానికి ఆ మాట ముందుగానే వినబడును. బేరింగు ఒక్కటి మార్చి పోవలసిన ఖర్చు పెట్టె మొత్తమునకు ప్రాకకుండ అతడు కాపాడుకొనగలడు. కాయల కాలమున బండి తోట వద్ద నుండును, షెడ్డులో నుండదు.